కంపెనీ విదేశాల్లో, కష్టం మన జిల్లాల్లో: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో కార్మికులకు అర్జీలు రాసిపెట్టే పని నాది. హిందూపురం వైపు గార్మెంట్స్‌కు పోయే ఆడవాళ్లు, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు విత్తనాల కోసం వేసే సీడ్ పత్తిలో క్రాసింగ్‌కు (పూలకు చేత్తో పుప్పొడి అంటించడానికి) పోయే కూలీలు, రాయచోటి నుంచి గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లవాళ్లు వస్తుంటారు. పనులు వేరైనా అడిగేది ఒకటే. లాభం తీసుకునే కంపెనీ ఎక్కడో ఉంది, దాన్ని ఎట్లా పట్టుకోవాలి అని. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి రాసిపెట్టాను. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## మొదట్లో వచ్చే అనుమానాలు

మాకు జీతమిచ్చేది ఇక్కడి ఫ్యాక్టరీ. చొక్కా మీద పేరున్న విదేశీ కంపెనీకి మాతో ఏం సంబంధం?

ఏ సంబంధమూ లేదనే చాలాకాలం వాదించారు. బ్రాండ్ ఆర్డరిస్తుంది, ఫ్యాక్టరీ కుట్టి పంపుతుంది, అంతే అని. కానీ ఒక్కో పీసుకు ధర ఎంతో, సరుకు ఏ తేదీకి ఓడ ఎక్కాలో తేల్చేది బ్రాండే. రాత్రిదాకా లైన్లో కూర్చోబెట్టేది సూపర్‌వైజరే అయినా ఆ టార్గెట్ పుట్టింది ఇంకో దేశంలో. 2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఆమోదించిన మార్గదర్శక సూత్రాలు ఈ సంగతిని ఒప్పుకున్నాయి. ఫ్యాక్టరీ తనది కాకపోయినా, తన సరుకుతో ముడిపడి జరిగే హక్కుల ఉల్లంఘనను ఆపడానికి కంపెనీ ప్రయత్నించాలని అవి చెబుతాయి. అవి చట్టం కావు, వాటిని పట్టుకుని కోర్టుకు పోలేం. అయితే 2017లో ఫ్రాన్స్ చేసిన చట్టానికీ, 2023 జనవరి నుంచి జర్మనీలో అమలైన సరఫరా గొలుసు (సరుకు తయారీలో భాగమైన కంపెనీలన్నీ) చట్టానికీ పునాది అవే.

జీతం తక్కువ ఇస్తే కూడా ఇందులోకి వస్తుందా? లేక పెద్ద ప్రమాదం జరిగితేనేనా?

వస్తుంది. కనీస వేతనం ఎగ్గొట్టడం, ఓవర్‌టైముకు రెట్టింపు రేటు ఇవ్వకపోవడం, యూనియన్ పెట్టారని తీసేయడం, ఆడవాళ్లను వేధించడం, అడ్వాన్సు పేరుతో క్వారీలో కట్టిపడేయడం, పిల్లలతో పని చేయించడం, అన్నీ వస్తాయి. కర్ణాటకలో 2020 ఏప్రిల్ నుంచి పెరగాల్సిన కరువు భత్యం, నెలకు 417 రూపాయలు, గార్మెంట్స్ ఫ్యాక్టరీలు ఇవ్వలేదు. ఒక్కొక్కరికి చిన్న మొత్తమే, కానీ నష్టపోయినవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు. అమెరికాలోని వర్కర్ రైట్స్ కన్సార్షియం అనే కార్మిక హక్కుల సంస్థ బ్రాండ్ల మెడ మీద కూర్చున్నాక, 2021 చివర్లో అతిపెద్ద ఫ్యాక్టరీ యాజమాన్యం బకాయిలు కడతానని ఒప్పుకుంది. మన సరిహద్దు దాటితే దొడ్డబళ్లాపురమే కదా, ఆ డబ్బుల సంగతి హిందూపురంలో బాగానే తెలుసు.

సీడ్ పత్తి పొలంలో పిల్లల్ని పెట్టుకున్నది మా ఊరి రైతు. విదేశీ కంపెనీని ఎందుకు తిడతారు?

ఇక్కడి చట్టం ముందు రైతుదే తప్పు. బాలకార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ తర్వాత, బడి వేళలయ్యాక సొంత ఇంటి పనిలో సాయం తప్ప, 14 ఏళ్లలోపు పిల్లల చేత ఇలాంటి ఏ పనీ చేయించకూడదు. అయితే ఆ పొలంలో జరిగేది మామూలు సేద్యం కాదు. విత్తనం కంపెనీ ఇస్తుంది, మధ్యలో ఆర్గనైజర్ ఉంటాడు, కొనే ధర ముందే ఖాయమవుతుంది, పండిన గింజ వాళ్లకే పోస్తారు. క్రాసింగ్ అంటే సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు ఒలిచి, తెల్లారి మగ పూల పుప్పొడి అంటించాలి. పువ్వు పువ్వుకూ చేత్తోనే, నెలల తరబడి. ఖర్చులో సగానికి పైగా కూలీలకే పోతుంది. కంపెనీ ధర బిగబడితే రైతు తగ్గించుకోగలిగింది కూలి ఒక్కటే, తక్కువ కూలికి దొరికేది ఆడపిల్లలు. చిన్న వేళ్లయితేనే పని బాగా వస్తుందన్నది కట్టుకథ. పెద్దవాళ్లు ఈ పని చక్కగా చేస్తారు, కాకపోతే పెద్ద కూలి అడుగుతారు.

2004లో జర్మన్ కంపెనీ బేయర్ మీద జర్మనీలోనే ఫిర్యాదు పడింది ఈ పద్ధతి వల్లే. దాని భారతీయ అనుబంధ సంస్థ ప్రోఆగ్రో పత్తి విత్తనం పండించే పొలాల్లో పిల్లలున్నారని జర్మన్ సంస్థలు, బాలకార్మిక వ్యతిరేక సంస్థలు కలిసి వేశాయి. ఆ కాలంలోనే, పిల్లలు లేని పొలానికి ఎక్కువ ధర, ఉంటే కోత అనే పద్ధతి మొదలైంది. అమెరికా కార్మిక శాఖ ప్రకటించే బాలకార్మిక సరుకుల జాబితాలో భారతదేశపు హైబ్రిడ్ పత్తి విత్తనం ఇప్పటికీ ఉంది.

మావాడు గల్ఫ్‌లో పెద్ద కంపెనీ గోడౌన్‌లో చేస్తున్నాడు, అకామా (అక్కడ ఉండి పనిచేసే అనుమతి కార్డు) మాత్రం ఇంకొకరి పేరు మీద. ఎవరిని అడగాలి?

ఇద్దరినీ అడగొచ్చు. అకామా ఎవరి పేరుతో ఉంటే చట్టప్రకారం యజమాని అతనే. కానీ పని ఎవరి దగ్గర చేశాడన్నది తక్కువ విషయం కాదు. సౌదీలో అమెజాన్ గోడౌన్లలో కాంట్రాక్టు కంపెనీల ద్వారా చేసిన కార్మికులు ఏజెంట్లకు భారీగా కట్టుకుని వెళ్లారని 2023లో బయటపడింది. 2024 ఫిబ్రవరిలో అమెజాన్ 700 మందికి పైగా కార్మికులకు 19 లక్షల డాలర్లు తిరిగి ఇప్పించినట్లు ప్రకటించింది. వాళ్లెవరూ అమెజాన్ ఉద్యోగులు కాదు.

మన చట్టం ప్రకారం లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ. లక్షన్నర కట్టి వెళ్లినవాళ్లు ఆ డబ్బును ఫోన్‌పేలోనో బ్యాంకులోనో పంపి ఉంటే ఆ వివరం పారేయకండి. చేతికిచ్చి ఉంటే ఎవరి ముందు, ఏ తేదీన ఇచ్చారో ఇవాళే రాసి పెట్టుకోండి. ఇంట్లో పనికి ఖాదిం వీసా మీద కువైట్ పోయినవాళ్లకు మాత్రం ఈ దారి పనికిరాదు. అక్కడ కంపెనీ ఉండదు, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఒక్కడే. వాళ్లు ఎంబసీకీ, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌కూ పోవాలి.

భోపాల్ వాళ్లకే న్యాయం జరగలేదు. మాకేం జరుగుతుంది?

ఈ మాటకు నా దగ్గర మంచి జవాబు లేదు. 1984 డిసెంబరులో అమెరికా కంపెనీ యూనియన్ కార్బైడ్ వాళ్ల ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైంది. బాధితులు అమెరికా కోర్టుకు పోతే 1986లో, మీ దేశంలోనే తేల్చుకోండని పంపేసింది. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ. 2010లో ఏడుగురు భారతీయ అధికారులకు రెండేళ్ల శిక్ష. పరిహారం పెంచమన్న పిటిషన్‌ను 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కంపెనీ అమెరికన్ అధిపతి ఇక్కడి కోర్టు ముందుకు రాకుండానే చనిపోయాడు. మన దేశంలో గానీ అక్కడ గానీ మాతృసంస్థను పిలిచి నిలబెట్టే దారి అప్పట్లో దాదాపు లేదు. ఇప్పుడు కొన్ని దారులున్నాయి, ఇరుకువే.

## ఫిర్యాదుకు ముందు

ఏ బ్రాండ్‌కు కుడుతున్నామో మాకే తెలియదు. ఎట్లా తెలుసుకోవాలి?

కేసులన్నీ నిలబడేదీ పడిపోయేదీ ఈ ఒక్కదాని మీదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా 2013 ఏప్రిల్ 24న కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత కొన్ని బ్రాండ్లు మా సరుకు అక్కడ కుట్టనే లేదన్నాయి. శిథిలాల్లో దొరికిన లేబుళ్లు, ఆర్డరు కాగితాలు వాళ్ల నోరు మూయించాయి. అంత ఘోరం జరిగితే గాని లేబుల్ విలువ తెలియకూడదా? ఫ్యాక్టరీ నడుస్తున్నప్పుడే చూసుకోండి.

మెడ దగ్గర బ్రాండ్ లేబుల్, పక్క కుట్టులో ఉతికే సూచనల లేబుల్ ఉంటాయి. అమెరికాకు పోయే సరుకైతే ఆ రెండో దాంట్లో తరచుగా ఆర్‌ఎన్ అనే అక్షరాల పక్కన అయిదారు అంకెలుంటాయి. ఆ నంబరు ఏ కంపెనీదో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. ప్యాకింగ్‌లో పనిచేసేవాళ్లకు ఇంకా సులువు. అట్టపెట్టె మీద కొనుగోలు ఆర్డరు నంబరు, స్టైల్ నంబరు, చేరాల్సిన రేవు అచ్చువేసి ఉంటాయి. ఓపెన్ సప్లై హబ్ అనే ఉచిత జాబితాలో ఫ్యాక్టరీ పేరు కొడితే ఏ బ్రాండ్లు దాన్ని తమ సరఫరాదారుగా చూపించాయో కనిపిస్తుంది. ఫ్యాక్టరీ పేరు ఇంగ్లీషులో ఎలా రాస్తారో పీఎఫ్ పాస్‌బుక్‌లో చూసి అలాగే కొట్టండి, అక్షరాలు తేడా వస్తే దొరకకపోవచ్చు.

లేబుల్ ఇంటికి తెచ్చుకోవద్దు. దొంగతనం కేసు పెట్టడానికి అంతకంటే సాకు అక్కర్లేదు. నంబరు గుర్తుపెట్టుకుని బయటికొచ్చాక రాసుకోండి.

ఏయే కాగితాలు దాచుకోవాలి?

గుర్తింపు కార్డు, జీతం స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్‌ఐ కార్డు, బ్యాంకులో జీతం పడిన ఎంట్రీలు. స్లిప్పులే ఇవ్వని చోట ఒక నోటుబుక్కు చాలు. ఏ రోజు ఎన్నింటికి వెళ్లారు, ఎన్నింటికి వచ్చారు, ఏమన్నారు, ఎవరన్నారు, అదే రోజు రాత్రి రాయండి. ఆర్నెల్ల తర్వాత ఒక్కసారి కూర్చుని రాసింది చూడగానే తెలిసిపోతుంది, సిరా రంగు కూడా ఒకటే ఉంటుంది. మా దగ్గరికి వచ్చిన ఒకామె పాల లెక్క రాసే క్యాలెండరు మీదే ఓవర్‌టైము గంటలు రాసుకుంది. ఆమె క్యాలెండరు ముందు ఫ్యాక్టరీ రిజిస్టరు తేలిపోయింది.

నా పేరు బయటికొస్తే ఉద్యోగం పోతుంది. పేరు లేకుండా ఇవ్వొచ్చా?

కొన్నిచోట్ల ఇవ్వొచ్చు. విదేశాల్లో వేసే ఫిర్యాదులు సాధారణంగా ఒక సంఘమో సంస్థో తన పేరుతో వేస్తుంది, కార్మికుల పేర్లు రహస్యంగా ఉంచమని కోరుతుంది. బాకీ జీతం మీకు రావాలంటే మాత్రం ఎప్పుడో ఒకప్పుడు పేరు చెప్పక తప్పదు. ఒక్కరుగా పోవద్దు. ఒకే లైన్ నుంచి పదిమంది కలిసి సంతకం పెడితే అందర్నీ తీసేయడం మేనేజరుకు కష్టం, సీజన్ మధ్యలో అయితే మరీ కష్టం.

బ్రాండ్ తరఫున ఆడిట్ వాళ్లు వచ్చి పోయారు, అంతా బాగుందని రాశారు. ఇక మన మాట ఎవరు వింటారు?

కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీకి 2012 ఆగస్టులో ఎస్‌ఏ 8000 అనే అంతర్జాతీయ సర్టిఫికెట్ ఇచ్చారు. సెప్టెంబరు 11న అదే ఫ్యాక్టరీ కాలిపోయి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఊచలు, మూసేసిన తలుపులు. ఆడిట్ అంటే ముందే కబురు పెట్టి వచ్చే పెళ్లిచూపుల లాంటిది. ఆ రోజు మరుగుదొడ్లు కడుగుతారు, గ్లౌజులిస్తారు, ఏం చెప్పాలో నేర్పిస్తారు. ఆడిట్ రిపోర్టు ఉందని మీ ఫిర్యాదును ఎవరూ కొట్టేయలేరు. ఆడిట్ జరిగిన తేదీ తెలిస్తే రాసుకోండి. ఆ రోజు ఏం మార్చారో, మరుసటి రోజు ఏం తీసేశారో చెప్పగలిగితే అది మీకే సాక్ష్యం.

## ఎక్కడికి పోవాలి

ముందు ఇక్కడి లేబర్ ఆఫీసుకా, నేరుగా విదేశానికా?

ముందు ఇక్కడే, పని కాదని తెలిసినా సరే. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే నంబరు వేసిన రసీదు వస్తుంది. మీరు అడిగారు, యాజమాన్యానికి తెలిసింది, అయినా మార్చలేదు అనడానికి ఆ రసీదే ఆధారం. అడ్వాన్సు తీరేదాకా క్వారీ వదిలి పోనివ్వకపోతే అది వెట్టిచాకిరీ. 1976 చట్టం కింద కలెక్టరుకో ఆర్‌డీవోకో అర్జీ ఇచ్చి విడుదల పత్రం అడగాలి. పిల్లల విషయమైతే 1098కి ఫోన్.

ఎన్‌సీపీ అంటే ఏంటి? అక్కడ ఫిర్యాదు చేస్తే ఏమొస్తుంది?

ఓఈసీడీ అనే ధనిక దేశాల కూటమి బహుళజాతి కంపెనీల కోసం 1976లో నియమావళి రాసుకుంది, చివరగా 2023లో మార్చింది. దానికి ఒప్పుకున్న ప్రతి దేశమూ ఫిర్యాదులు తీసుకునే ఒక కార్యాలయం పెట్టాలి. దాన్నే జాతీయ సంప్రదింపు కేంద్రం, ఎన్‌సీపీ అంటారు. భారతదేశం అందులో చేరలేదు, కాబట్టి ఇక్కడ ఆఫీసు లేదు. కంపెనీ జర్మనీదైతే జర్మనీకి, ఇంగ్లండుదైతే ఇంగ్లండుకు పంపాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ఒడిశా నియమగిరి కొండల్లో డోంగ్రియా కోందు గిరిజనుల హక్కుల్ని లండన్‌లో నమోదైన గనుల కంపెనీ వేదాంత గౌరవించలేదని బ్రిటన్ కార్యాలయం 2009లో తేల్చింది. జరిమానా వేయలేదు, వేసే అధికారమే లేదు. ఆ తీర్పు వల్ల డబ్బు రాదు, పరువు పోతుంది. పరువుకు భయపడే కంపెనీ అయితేనే ఇది పనిచేస్తుంది.

అమెరికా కోర్టులో కేసు వేస్తే కోట్లు వస్తాయంట, నిజమేనా?

ఒకప్పుడు ఆశ ఉండేది. 1789 నాటి పాత చట్టం ఒకటి విదేశీయులు కూడా అమెరికాలో దావా వేయడానికి వీలిచ్చింది. 2013లో చమురు కంపెనీ షెల్ మీద నైజీరియన్లు వేసిన కేసులో అక్కడి సుప్రీంకోర్టు, బయటి దేశంలో జరిగినదానికి ఈ చట్టం వర్తించదంది. 2021లో ఐవరీకోస్ట్ కోకో తోటల్లో చిన్నప్పుడు వెట్టి చేశామన్న ఆరుగురు మాలీ దేశస్థులు నెస్లే మీద ఓడిపోయారు. అమెరికా ఆఫీసులో తీసుకున్న మామూలు వ్యాపార నిర్ణయాలు సరిపోవన్నారు. ఎవరైనా అమెరికాలో కేసు గెలిపిస్తామంటే ఈ రెండు తీర్పుల సంగతి అడగండి.

మరి ఇంగ్లండులో, యూరప్‌లో?

అక్కడ కొంచెం నయం. జాంబియాలో రాగి గని కాలుష్యం మీద 1,826 మంది పల్లెవాళ్లు లండన్‌లో వేదాంత మీద కేసు వేశారు. గని జాంబియా కంపెనీది, మాకు సంబంధం లేదని వేదాంత వాదించింది. 2019 ఏప్రిల్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు కేసు అక్కడే నడవొచ్చంది. అందుకు దోహదపడిన వాటిలో వేదాంత సొంతంగా అచ్చేసిన నివేదికలు కూడా ఉన్నాయి. గనుల మీద పర్యవేక్షణ మాదే, ప్రమాణాలు మావే అని వాటాదారుల ముందు గొప్పలు చెప్పుకున్న కాగితాలవి. 2021 జనవరిలో తప్పు ఒప్పుకోకుండానే రాజీ పడింది. మీ బ్రాండ్ వెబ్‌సైట్‌లో కార్మిక సంక్షేమం మీద రాసుకున్న తియ్యటి మాటల్ని వెక్కిరించి వదిలేయకండి, తేదీతో సహా కాపీ తీసి ఉంచండి.

జర్మనీ సరఫరా గొలుసు చట్టం కింద బాఫా అనే ప్రభుత్వ కార్యాలయానికి ఇంటర్నెట్‌లోనే ఫిర్యాదు పంపొచ్చు. జర్మనీలో కనీసం వెయ్యిమంది ఉద్యోగులున్న కంపెనీలు దాని కిందికొస్తాయి. యూరోపియన్ యూనియన్ మొత్తానికీ 2024లో ఒక చట్టం వచ్చింది గాని, 2025లో దాన్ని వాయిదా వేశారు, పరిధి కోసే పనీ మొదలుపెట్టారు. జర్మన్ ప్రభుత్వం కూడా తన చట్టాన్ని సడలించే దారిలోనే ఉంది. దాని మీద నాకు పెద్ద ఆశల్లేవు.

అమెరికా కస్టమ్స్ వాళ్లు సరుకే ఆపేస్తారని విన్నాం. మాకు పనికొస్తుందా?

నిర్బంధ శ్రమతో చేసిన సరుకైతే 1930 నాటి టారిఫ్ చట్టం 307వ సెక్షన్ కింద ఆపుతారు. ఎవరైనా సమాచారం పంపొచ్చు. మనకు దగ్గరి ఉదాహరణ తమిళనాడులోని దిండిగల్. నాచి అపెరల్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక దళిత యువతి 2021లో సూపర్‌వైజర్ చేతిలో హత్యకు గురైంది. ఆడవాళ్లే నడిపే అక్కడి యూనియన్ గట్టిగా నిలబడి 2022 ఏప్రిల్‌లో యాజమాన్యంతోనూ, హెచ్ అండ్ ఎం బ్రాండ్‌తోనూ కట్టుబడి ఉండాల్సిన ఒప్పందం రాయించింది. 25 మందికి ఒకరు చొప్పున కార్మికుల నుంచే వేధింపుల మీద కన్నేసి ఉంచేవాళ్లను పెట్టారు. 2022 జూలైలో అమెరికా ఆ ఫ్యాక్టరీ సరుకు ఆపింది. ఒప్పందం అమలు చూపించాక సెప్టెంబరులో ఎత్తేసింది. రెండు నెలల్లోపే. ఓడరేవులో ఆగిన సరుకుకున్న బలం ఏ అర్జీకీ లేదు.

## వేసిన తర్వాత

బ్రాండ్ ఆర్డర్లు ఆపేస్తే ఫ్యాక్టరీ మూతపడుతుంది. మా నోట్లో మట్టి పడదా?

పడొచ్చు, ఆ టెన్షన్ అబద్ధం కాదు. అందుకే ఫిర్యాదు కాగితంలోనే, ఆర్డర్లు ఆపొద్దు, ఇక్కడే ఉండి సరిచేయించండి అని స్పష్టంగా రాయండి. ఐక్యరాజ్యసమితి సూత్రాలు కూడా, తప్పుకునే ముందు తన పలుకుబడి వాడి మార్పించమనే చెబుతాయి, తప్పుకుంటే కార్మికులకు కలిగే నష్టం చూడమంటాయి.

ఎంతకాలంలోపు వేయాలి? తర్వాత చూద్దాంలే అంటే?

కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్‌లో 2012 మంటల బాధితులు జర్మనీలో కిక్ అనే బట్టల కంపెనీ మీద వేసిన కేసు 2019 జనవరిలో కొట్టేశారు. తప్పెవరిదో చూడనే లేదు. పాకిస్తాన్ చట్టం ప్రకారం గడువు దాటిందన్నారు. కేసు జర్మనీలో, గడువు మాత్రం పాకిస్తాన్‌ది! సంఘటన ఎక్కడ జరిగితే అక్కడి గడువే లెక్కలోకి రావచ్చన్నమాట.

మన దగ్గర జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఏడాదిలోపు ఇవ్వాలి. పనిచోట లైంగిక వేధింపులకు 2013 చట్టం కింద మూడు నెలలు, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు. ఉద్యోగం నుంచి తీసేసిన వివాదానికి మునుపు మూడేళ్లుండేది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో రెండేళ్లే. సంక్రాంతి అయ్యాక, పెళ్లిళ్లయ్యాక అంటూ వచ్చినవాళ్లలో ఎంతమందికి గడువు దాటిపోయిందో చెబితే బాధగా ఉంటుంది.

రాజీకి పిలుస్తున్నారు. సంతకం పెట్టొచ్చా?

డబ్బు అవసరమైతే పెట్టండి, ఎవరూ తప్పుపట్టరు. కానీ చదివించుకుని పెట్టండి. ఇక ఏ దేశంలోనూ ఎవరి మీదా కేసు వేయను, ఈ విషయం ఎవరికీ చెప్పను అనే వాక్యాలు తరచుగా చివరి పేజీలో ఉంటాయి. ఇంగ్లీషులో ఉంటే తెలుగు ప్రతి అడగండి. మీ కాపీ మీకివ్వనంటే ఆ రోజు సంతకం వద్దు.

విదేశీ పరిహారం ఇప్పిస్తామని మా ఊళ్లో ఒకాయన మనిషికి రెండు వేలు వసూలు చేస్తున్నాడు. కట్టాలా?

కట్టొద్దు. ఎన్‌సీపీకీ, జర్మనీ బాఫాకూ, అమెరికా కస్టమ్స్‌కూ, మన మానవ హక్కుల కమిషన్‌కూ ఫిర్యాదు ఉచితం. లాయరు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులు, వెట్టి బాధితులు ఆదాయంతో పని లేకుండా అర్హులు. కర్నూలు, అనంతపురం, కడప మూడుచోట్లా కోర్టు ఆవరణలోనే ఆఫీసుంది, ఫోన్ 15100. ఆ రెండు వేలు ఇప్పటికే కట్టి ఉంటే, ఎప్పుడు, ఎవరి ముందు ఇచ్చారో రాసుకుని న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికే పోండి.